ప్రొఖోర్ తాతకు ఏం కావాలి?

ప్రొఖోర్ యెఫీమొవిచ్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, అడగడం. కనిపించిన వాళ్ళనల్లా ఏదో ఒకటి అడుగుతాడు. అడిగేవాళ్ళు లోకంలో కొల్లలు, ఇందులో వింతేముంది అంటారేమో. కానీ వొలోగ్దా పట్నం నుంచి పల్లెల్లోని అనాథాశ్రమాలకు సాయం మోసుకెళ్ళే బృందంలో సభ్యుడై ఉండి, బస్సు దిగీ దిగగానే ఆశ్రమం పిల్లల ముందు చెయ్యి చాపే మనిషి రష్యా మొత్తం గాలించినా ఇంకొకడు దొరకడు.

ఆ బృందానికి పెద్ద దిక్కు రిమ్మా. చురుకైన మనిషి. ఆమె చేతిసంచిలో దూది నుంచి స్క్రూడ్రైవరు దాకా లేని వస్తువుండదు. ఎవరినీ ఏదీ అడగకుండా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చానని ఆమెకు లోపల కాస్త గర్వం కూడా. సరిగ్గా అలాంటి మనిషి నెత్తిన వచ్చి పడ్డాడు ఈయన.

మొదటిసారి ఆయన్ని జరేచ్యే అనే ఊరి ఆశ్రమానికి తీసుకెళ్ళింది. రిటైరైన భూగర్భశాస్త్రం ప్రొఫెసరు కదా, పిల్లలకు రాళ్ళ గురించి నాలుగు ముక్కలు చెబుతాడని ఆశ. మిగతావాళ్ళు ఎలుగుబంటి బొమ్మలూ చాక్లెట్ పెట్టెలూ దించుతున్నారు. ఈయన ఓవర్‌కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని దిగి, ఎదురుగా ఉన్న ఒక పిల్లవాడి ముందు ఆగాడు.

“ఒరే అబ్బీ, నీ దగ్గర తినడానికేమైనా ఉందా? కడుపు కాలిపోతోంది.”

వాడి పేరు తిమోషా. అటూ ఇటూ చూసి, ప్యాంటు జేబులో దాచుకున్న నల్లరొట్టె ముక్క తీశాడు. అది నలిగిపోయి ఉంది, దానికి నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. ప్రొఖోర్ అందుకుని నిలబడ్డ చోటే తినేశాడు. పైగా, “ఉప్పుందా?” అని అడిగాడు. తిమోషా ఉప్పు కోసం పరుగెత్తాడు.

రిమ్మాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన్ని పక్కకు లాగింది.

“ఇందాక బస్సులో నా ఎదురుగానే కట్లెట్లు తిన్నారు కదండీ!”

“తిన్నానా? అయితే అరిగిపోయుంటాయమ్మా.”

తర్వాత బొత్తాల గొడవ మొదలైంది. ప్రతిసారీ జరేచ్యే చేరేసరికి ఆయన కోటు బొత్తాం ఒకటి ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. “ముసలి కళ్ళు, సూదిలో దారం ఎక్కించలేను, ఎవరన్నా పుణ్యం కట్టుకోండర్రా” అని వరండాలో కూలబడతాడు. పిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ కుట్టేవారు. ఒకరిది ఎర్రదారం, ఒకరిది పచ్చదారం. ఓసారి తిమోషా బొత్తాన్నీ, కోటునీ, లోపలి చొక్కానీ కలిపి ఒకటే కుట్టు కుట్టేశాడు. కోటు విప్పే దారిలేక ఆయన ఆ రోజు భోజనం కూడా కోటుతోనే చేశాడు. “ఇంత వెచ్చగా ఎప్పుడూ లేదురా” అని మెచ్చుకున్నాడు.

ఒక ప్రయాణంలో రిమ్మా వెనక్కి తిరిగి చూస్తే, ఆయన కిటికీ పక్కన కూర్చుని తన బొత్తాన్ని తనే మెలితిప్పి తెంపుతున్నాడు.

“మీరే తెంపుకుంటున్నారా!”

“నేనా? అదే వస్తోందమ్మా. పాత కోటు.”

“నేను కళ్ళారా చూశాను!”

“అలాగా? నీ కళ్ళద్దాలు ఒకసారి ఇస్తావా, నేనూ చూస్తాను.”

రిమ్మాకు బుర్ర తిరిగిపోయింది. పాపం, ఇంట్లో చూసేవాళ్ళు లేక ఇలా అయిపోయాడేమో అనుకుని, ఒక కొత్త కోటు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. తలుపు తీసిన మనిషి ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, దానిమీద వంట ఏప్రను. హాల్లో కుట్టుమిషను మీద పక్కింటావిడ కిటికీ తెరలు సగం కుట్టి ఉన్నాయి. ఆమె చూస్తుండగానే ఆయన కళ్ళద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించి, తెర అంచు మడిచి, పొయ్యిలోంచి క్యాబేజీ కూరిన పిరోగ్ రొట్టె తీసి పళ్ళెంలో పెట్టాడు.

“మీకేమైనా కావాలేమోనని వచ్చాను” అంది రిమ్మా.

“నాకేం కావాలి? అన్నీ ఉన్నాయి. నువ్వు తిను.”

తెచ్చిన కోటు తెచ్చినట్టే చంకలో పెట్టుకుని ఆమె మెట్లు దిగింది. ఆయనకు పిచ్చా, తనకు పిచ్చా అన్నది వీధి చివరికొచ్చినా తేలలేదు.

ఆపైన టీ సంగతి. ఉస్త్యా అని పదకొండేళ్ళ పిల్ల ఉంది అక్కడ, మాట కాస్త పెళుసు. ఆమెను టీ అడిగాడు. పిల్ల భోజనశాలకు పోయి గ్లాసుతో తెచ్చింది.

“ఇందులో చక్కెర ఉందే. నాకు చక్కెర లేని టీ కావాలి.”

“టీ అంటేనే తియ్యగా ఉంటుంది తాతా. చక్కెర లేని టీ ఎక్కడుంటుంది?”

పెద్ద గుండిగలో చక్కెర కలిపేసిన టీ తప్ప ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఇంకో టీ చూడలేదు. ఆశ్రమంలో పిల్లలు వంటగది గడప తొక్కకూడదు, అది నిబంధన. డైరెక్టరు నినెల్ వసీల్యెవ్నా ఎంత వద్దన్నా వినకుండా, ప్రొఖోర్ ఆమె గదిలో ఉన్న కరెంటు కెటిల్‌ను అడిగి పుచ్చుకుని ఉస్త్యా చేతికిచ్చాడు. ఆ పిల్ల తేయాకు ప్యాకెట్టు మొత్తం అందులో గుమ్మరించింది. తారులాంటి టీ తయారైంది. రిమ్మా ఒక్క గుక్క తాగి, మిగతాది పారబొయ్యడానికి పూలకుండీ ఎక్కడుందా అని వెతికింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, “కొంచెం పలచనైంది గానీ బాగుంది. ఇంకాస్త ఉందా?” అన్నాడు.

ఇదంతా ఎక్కడికి పోయిందంటే, తిమోషా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని బూటు లేసులు కడుతున్న ఫొటో ఒకటి బృందాన్ని నడిపే కమిటీ చేతుల్లో పడింది. కమిటీలో అందరూ ఒక్కసారి భగ్గుమన్నారు. సేవ చెయ్యడానికి వెళ్ళాడా, చేయించుకోవడానికి వెళ్ళాడా అని రిమ్మాను నిలదీశారు. కొత్త సంవత్సరం ప్రయాణమే ఆయనకు ఆఖరుదని, ఆ మాట ఆమే చెప్పాలని తేల్చారు. రిమ్మా సరేనంది గానీ, దారి పొడవునా మనసు మనసులో లేదు. విసిగించినా ఆయనంటే ఆమెకు ఇష్టమే.

జరేచ్యేలో పిల్లలు వరసగా నిలబడి బొమ్మలందుకుని, ఒకే గొంతుతో ధన్యవాదాలు చెప్పి, వాటిని తీసుకెళ్ళి బీరువా మీద పాత ఎలుగుబంట్ల పక్కన పెట్టేశారు. పెట్టీ పెట్టగానే ప్రొఖోర్ మీదకు ఉరికారు.

“ఏం కావాలి తాతా ఈసారి?”

“ఏం చెప్పనర్రా, చేతి తొడుగు చిరిగింది, లేసు ముడి పడింది, వీపు దురద...”

రిమ్మా ఆయన్ని నడవాలోకి పిలిచింది. గొంతు సవరించుకుని, చెప్పాల్సింది గబగబా చెప్పేసింది. ఇక మీదట రావద్దని కమిటీ నిర్ణయమని, ఏమీ అనుకోవద్దని.

ఎప్పుడూ ఏదో ఒకటి అడిగే మనిషి ఏమీ అడగలేదు. “అలాగేనమ్మా” అన్నాడు.

“తాత రాకూడదా? ఎందుకు?”

ఉస్త్యా. చేతిలో టీ గ్లాసుతో వెనకే నిలబడి ఉంది.

“అది కాదమ్మా, ఆయన అస్తమానం మిమ్మల్ని అడుగుతున్నాడు కదా. మేం వచ్చేది మీకు ఇవ్వడానికి...”

“ఇచ్చేవి లారీలో వేస్తే అవే వస్తాయి రిమ్మా అత్తా. మీకందరికీ అన్నీ ఉన్నాయి. మీకు మాతో ఏం పని? తాతకలా కాదు. మేం లేకపోతే ఆయనకు ఒక్క రోజు గడవదు. బొత్తాలు ఎవరు కుడతారు? టీ ఎవరు పెడతారు? తిమోషా గాడు ఆయన తొడుగు కోసమని అల్లిక నేర్చుకుంటున్నాడు, తెలుసా? ఆయన్ని చూసుకోవడం మీకు చేతకాకపోతే ఇక్కడే వదిలేసి పొండి!”

రిమ్మా ఆయన వంక చూసింది. ఆయన పైకప్పులో ఏదో విశేషం కనబడినట్టు పైకి చూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు లేని సూది, మెలితిప్పిన బొత్తాం అన్నీ ఒక్కసారిగా ఆమె బుర్రలో చోటు చూసుకుని కూర్చున్నాయి. ఇన్ని నెలలూ ఈ పిల్లలకు ఎవరూ ఇవ్వనిదేదో ఈయన ఇస్తూనే ఉన్నాడు. తానేమో ఎలుగుబంట్లు మోసింది.

బయలుదేరే వేళయింది. ఆశ్రమం మెట్ల నుంచి బస్సు దాకా దారంతా గడ్డకట్టిన మంచు, పైగా వాలు. రిమ్మాకు ఆ మంచు మీద నడవాలంటే ప్రాణం మీదకొస్తుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఎప్పుడూ ఏదో పనున్నట్టు అందరికన్నా వెనకబడి, ఎవరూ చూడకుండా కంచె పట్టుకుని దిగేది. ఈసారీ చెయ్యి కంచె వైపు పోయింది. మధ్యలో ఆగిపోయింది.

“పిల్లలూ...” అంది. ముఖం కందిపోయింది. “నాకు... మంచు మీద నడవాలంటే భయం. ఎవరైనా కాస్త పట్టుకుంటారా?”

పిల్లలు క్షణంసేపు నమ్మలేదు. మరుక్షణం ఆమె రెండు చేతులూ, కోటు అంచులూ, చేతిసంచీ కూడా వాళ్ళ స్వాధీనమయ్యాయి.

“అలా నిలువుగా కాదు అత్తా, బాతులా నడు!” అని తిమోషా కసిరాడు. “మోకాళ్ళు వంచు! కింద చూడకు!”

“మరి నన్నెవర్రా పట్టుకునేది?” అని వెనక నుంచి ప్రొఖోర్ కేకేశాడు.

“ఆగు తాతా! ఈమె కొత్త!”

“వచ్చే నెల కూడా పొద్దున్నే బస్సు, ప్రొఖోర్ యెఫీమొవిచ్ గారూ!” అని రిమ్మా వెనక్కి తిరగకుండానే అరిచింది. “కమిటీతో నేను మాట్లాడుకుంటాను!” ఆ ఊపులో కాలు జారింది. అరడజను చేతులు ఆమెను లేవనెత్తి నిలబెట్టాయి.

ఉస్త్యా ఆమె కోటు మీద మంచు దులిపి, చెవి దగ్గరకొచ్చి మెల్లగా ధైర్యం చెప్పింది.

“ఏం పరవాలేదు అత్తా. మొదట్లో తాత ఇంతకంటే ఘోరం.”