అమ్మ గొంతుకు ఓల్టేజీ కొలిచిన బావ

మా బావ పోయిన సంగతి అక్క ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఉదయగిరిలో మా అంగడి ముందు కూర్చుని చెక్క గరిటె పిడికి ఉప్పుకాగితం పడుతున్నాను. "మీ బావ లేవలేదురా" అన్నది. పొద్దున టీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదట. ఆత్మకూరులోని వాళ్ళింటికి డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే గుండె ఆగిందన్నాడు. నేను సరే అని ఫోన్ పెట్టేసి, ఎందుకో తెలియదు, ఆ గరిటె పూర్తి చేశాకే లేచాను. బస్సులో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు.

ఆయన కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు సారు చాలా నెమ్మదస్తుడంటారు. ఆయనతో బంధుత్వం చేయలేదు కాబట్టి అలా అంటారు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకును పలకరించకముందే మైకుసెట్టు వెనక్కి పోయి వైర్లు చూసే మనిషి. మా ఇంటికి వస్తే చెప్పులు విప్పీ విప్పకముందే ప్లగ్గులో మీటరు పెట్టి, మీకు ఓల్టేజీ తక్కువ వస్తోందని నన్ను నిలదీసేవాడు, ఆ కరెంటేదో నేనే కాజేసినట్టు. టీ ఎప్పుడూ చల్లారిపోయాకే తాగేవాడు. వేడి టీ రుచి ఆయనకు తెలుసా అని నేనూ అక్కా పందెం వేసుకునేవాళ్ళం. మా దగ్గర బావామరుదులు ఇష్టాన్ని ఎగతాళిగానే చెప్పుకుంటారు. నేను ఆయన్ని ఎంత ఎగతాళి చేశానో లెక్క లేదు.

రిటైరయ్యాక ఆయన మొదలుపెట్టిన పని ఒకటుంది. దాని గురించి మీకు చెప్పాలి.

బావ సొంత ఊరు సీతారామపురం అవతల చిన్న పల్లె. వాళ్ళమ్మ, అంటే నాకు అత్త, ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఆ ఊరి చర్చిలో పాట ఎత్తేది ఆమే. ఆమె ఎత్తితే మిగతావాళ్ళు అందుకోవాలి. ఆమె ఆ ఊరికి కోడలుగా వచ్చినప్పటినుంచీ అదే పద్ధతి. కొన్నేళ్ళ కిందట సంఘంలో కుర్రవాళ్ళు కీబోర్డు తెచ్చారు. మంచి పనే, అందరికీ నచ్చింది. కాకపోతే పాత కీర్తనల్లో అత్త పాడే ఒక స్వరం ఆ కీబోర్డు మీద లేదు. ఒక మెట్టుకూ దాని పై మెట్టుకూ నడుమ ఎక్కడో ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతూ కీబోర్డూ ఒకదాన్నొకటి రాసుకునేవి. పెద్దావిడకు వయసు మీదపడి శ్రుతి తప్పుతోందని ఎవరో అన్నారు. మర్యాదగానే అన్నారు. మరుసటి ఆదివారం నుంచి అత్త నోరు విప్పలేదు. చర్చికి వచ్చేది, చాప మీద కూర్చునేది, పాట మొదలవగానే పక్కావిడ చేతిలోని కీర్తనల పుస్తకంలోకి చూస్తూ ఉండేది. ఆమెకు చదువు రాదు.

బావ తల్లిని ఎంతో బతిమాలాడు. "నా పాట దాంట్లో లేదంట గదా నాయనా" అన్నది ఆమె, అంతే. ఆ మాట పట్టుకుని బావ ఆత్మకూరు వచ్చి, మిద్దె మీది రేకుల గదిలో బల్ల వేసుకున్నాడు.

అనలాగ్ సింథసైజర్ అంటే ఏమిటో నాకు ఆయనే చెప్పాడు. లోపల ఓల్టేజీ పెరిగితే స్వరం పైకి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. మరి ఏ మెట్టు నొక్కితే ఎంత ఓల్టేజీ పోవాలి? అది చెప్పి, స్వరాన్నీ తానే పలికించే డబ్బాను బావ సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టాడు. మెట్టుకొక నాబ్. నాబ్ తిప్పి స్వరాన్ని కావలసిన చోట నిలిపి ఎర్ర బటన్ నొక్కితే, లోపలి చిన్న బోర్డు ఆ కొలతను గుర్తుపెట్టుకుంటుంది. అంతకుముందున్న కొలత చెరిగిపోతుంది. స్వరాలు మార్చుకునే వీలున్న కీబోర్డులు బజార్లో దొరుకుతాయి గదా, ఈ అవస్థ దేనికని అడిగాను.

"వాటిల్లో ఎవురో పెట్టిన కొలతలుండాయిరా" అన్నాడు. "మనకు అమ్మ కొలత గావాల."

డబ్బా ముందు పలక నేనే చేశాను. మా గరిటెలకు వాడే నర్ది చెక్కే, బాగా నున్నగా తీసి నాబ్‌లకు రంధ్రాలు వేసి ఇచ్చాను. బిగించి కరెంటు పెడితే, నాబ్ మీద చెయ్యి పడగానే గుయ్యిమని రొద. ఇనుప పలకైతే ఆ రొద దాని గుండా ఎర్త్‌లోకి పోయేదట, చెక్కకు ఆ గుణం లేదట. చెక్క మార్చేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అక్క చపాతీలు చుట్టే వెండి కాగితం చుట్ట మొత్తం తీసుకెళ్ళి పలక వెనక అంటించి, దానికి ఎర్త్ వైరు కలిపాడు. రొద పోయింది. చపాతీల సంగతి అక్క ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అత్త మిరపకాయల తొడిమలు తీసుకుంటూ తనలో తాను పాడుకుంటుంటే ఫోన్లో రికార్డు చేసుకొచ్చాడు. రేకుల గదిలో చెమటలు కక్కుతూ, ఒక్కో స్వరాన్నీ ఆ గొంతుకు సరిపెట్టాడు. పునరుత్థాన పండుగ నాడు సూర్యుడు రాకముందే సమాధుల దగ్గర ఆరాధన చేయడం మా వైపు ఆచారం. ఆ రోజు డబ్బానూ బ్యాటరీనీ ఇద్దరం మోసుకుని పోయాం. బావ అడిగాడని అత్త పాట ఎత్తింది. కొండ మీదినుంచి చల్లగాలి వీస్తోంది. మొదటి చరణంలోనే మిషన్ ఒక దోవ, ఆమె ఒక దోవ. అత్త ఆగిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు బస్సులో బావ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఎండలో కొలిచినాను, చలిలో వాయించినాను" అన్నాడు ఉదయగిరి వస్తుండగా. వేడికి పార్టుల గుణం మారుతుందని ఏటా పిల్లలకు పాఠం చెప్పిన మనిషి ఆయన. నవ్వబోయి ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

ఆ తర్వాత పద్ధతి మార్చాడు. ఆదివారం ఆరాధనకు ముందే తల్లిని చర్చిలో కూర్చోబెట్టేవాడు. ఆమె ఒక్కో స్వరం కూనిరాగంగా అంటే, ఈయన నాబ్ తిప్పేవాడు. సంతలో కూరగాయలు ఏరినట్టుగా ఆమె, ఇంకొంచెం దించు, ఇంకొంచెం, ఆ అక్కడుండు అనేది. అప్పుడు బటన్ నొక్కేవాడు. అలా సరిపెట్టిన మొదటి ఆదివారం అత్త పాట ఎత్తింది. ఆ నడిమి స్వరం దగ్గర రెండూ కలిసిపోయి ఒక్క గొంతే వినబడింది. కీబోర్డు కుర్రవాడు దగ్గరికొచ్చి వంగి వింటున్నాడు. బావ మాత్రం తల్లి వైపు చూడకుండా మీటరునే చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఏడ్వడం నేను చూసింది అదొక్కసారే. ఒక స్వరాన్ని అది ఉన్నచోట వినాలంటే ఎంత ఓపిక కావాలో నాకు అక్కడే తెలిసింది. అందుకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఆయన్ని ఆ పల్లెలోనే సమాధి చేశాం. ఆ రోజు మిగతావాళ్ళు పాడారు, అత్త పాడలేదు. ఇంక పాడదేమోనని అక్క భయపడింది. ఆ మరుసటి ఆదివారం ఇద్దరం చర్చికి పోయి డబ్బా బయటికి తీశాం. వారమంతా వానలు పడి గోడలు చెమ్మగా ఉన్నాయి. ఆన్ చేసి చూస్తే స్వరాలన్నీ పైకి జరిగి ఉన్నాయి, నాకే తెలిసిపోతోంది. నాబ్ మీద చెయ్యి వేశాను.

"ఏం జేస్తుండావు?" అన్నది అత్త చాప మీదినుంచి.

మిషన్ పైకి పోయిందని, ఆమె ఎప్పటిలాగే స్వరాలు అంటే సరిచేస్తానని చెప్పాను. ఆమె ఎర్ర బటన్ వైపు చూసింది.

"అది నొక్కితే వాడు పెట్టింది పోతాది గదా?"

పోతుందన్నాను.

"అయితే చెయ్యి తియ్యి. ఉత్త మెట్టు నొక్కి పట్టుకో" అన్నది.

నేను మొదటి మెట్టు నొక్కి పట్టుకున్నాను. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. తర్వాత తన స్వరాన్ని వదిలిపెట్టి, మిషన్ స్వరం ఉన్నచోటికే గొంతు ఎత్తి పాట మొదలుపెట్టింది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని అక్కడికే అందుకున్నారు. పై చరణంలో ఆమె గొంతు అందక వణికింది, అయినా దించలేదు. పాట అయిపోయి అందరూ ఆగిపోయారు. బావ పెట్టిన ఆ స్వరం ఒక్కటే చర్చిలో మోగుతూ ఉంది. ఆమె ఆపమనలేదు, నేను వేలు తియ్యలేదు.