రెండో వైపు మొదటి పాట

ఆ రికార్డు మీద గాటు పెట్టింది నేనే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆనాటి పేజీలో కూడా "సాయంత్రం పైన దీపం పెట్టాను, మొక్కలకు నీళ్లు పోశాను" అని మాత్రమే ఉంది.

కెనడాలోని రెజైనాలో చదువుకుంటూ ఒక తెలుగు దంపతుల ఇంట్లో బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్నాను. అంకుల్ రిటైరైన ఇంజనీరు. కంప్యూటర్లు రాకముందు వంతెనల డ్రాయింగులు చేత్తో వేసిన మనిషి. "మీ అంకుల్ స్కేలు లేకుండా గీత గీస్తారు. బెండకాయలు మాత్రం ఒక్కటీ తిన్నగా తరగలేరు" అని ఆంటీ వెక్కిరించేవారు.

ఆదివారం భోజనాలయ్యాక ఆయన రికార్డులు పెట్టేవారు. అన్నీ ఒకే రకం. హామండ్ ఆర్గన్ అనే కీబోర్డు వాద్యం ముందుండి నడిపే పాత సోల్ జాజ్ ఆల్బమ్‌లు. చదువుకునే రోజుల్లో సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఒక్కొక్కటే ఏరుకున్నారట. రికార్డ్ ప్లేయర్ సరిగ్గా నా మంచానికి పైన ఉండేది. నేలలోంచి పాట దిగేది కాదు, అడుగున మంద్రంగా నడిచే బేస్ ఒక్కటే దిగేది. మొదటి చలికాలమంతా ఆ ఆల్బమ్‌లు నాకు అంతమటుకే తెలుసు. ఈ బేస్ వాయించేవాడెవడో గాని అలుపు లేనివాడు అనుకునేదాన్ని.

ఆంటీ పులిహోర తీసుకెళ్లమని పిలిచిన రోజు ధైర్యం చేసి అడిగాను. "బేస్ ఎవరు వాయిస్తున్నారంకుల్?"

"వేరే మనిషి లేడమ్మా. అంతా ఆర్గన్ ఆయనే. కుడిచేత్తో పాట, ఎడం చేత్తో బేస్, ఎడంకాలు కింద పెడల్స్ మీద. కుడికాలు వాల్యూమ్ మీద."

"అంటే నాలాగన్నమాట" అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

ఆ రోజు నుంచి వెళ్లినప్పుడల్లా అంకుల్ ఒక రికార్డు అట్ట చేతికిచ్చేవారు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదంతా చదివేదాన్ని. చదువుతూ ఉంటే మాట్లాడక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చిన శ్రావణ శుక్రవారం పూజలో ఆంటీ నా చేతికి ఆకుపచ్చ గాజులు తొడిగి, "వాటంతట అవి చిట్లేదాకా తియ్యకు" అన్నారు. మర్నాడు ఇద్దరూ ఓక్‌విల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లారు. వారంపాటు దీపం పెట్టమని నాకు తాళాలిచ్చారు.

మూడో రోజు దీపం వెలిగించి, అంకుల్‌కి అన్నిటికన్నా ఇష్టమైన రికార్డు పెట్టాను. రెండో వైపు మొదటి పాట. మొదటిసారి ఒక్కదాన్నే కూర్చుని, పూర్తి సౌండుతో విన్నాను. చిన్నప్పుడు టేబుల్ ఫ్యాన్ ముందు నోరు తెరిచి "ఆ" అంటే వచ్చే వణుకు ఉంటుందే, అలాంటి వణుకు ఆ ఆర్గన్ గొంతులో ఉంది. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్ చేసింది. పరాయి వాళ్ల వస్తువు ముట్టుకున్నావా అంటుందని గాభరాపడి సూది ఎత్తబోయాను. గాజు దాని కాడకు తగిలింది. సూది రికార్డుకి అడ్డంగా గీసుకుంటూ పోయింది. రికార్డు కవర్లో పెట్టేసి, ఫోన్ ఎత్తి, "ఆ, అన్నం తిన్నానమ్మా" అన్నాను.

వాళ్లు తిరిగొచ్చిన ఆదివారం కింద మంచం మీద పడుకుని వింటున్నాను. బేస్ కాసేపు నడిచింది. తర్వాత అవే నాలుగు అడుగులు, మళ్లీ అవే నాలుగు. గాటు దగ్గర సూది ముందుకు పోవడం లేదు. తాళాలు తిరిగివ్వడానికి పైకి వెళ్లేసరికి అంకుల్ కిటికీ దగ్గర కుడిచెయ్యి చాచి చూసుకుంటున్నారు.

"వణుకుతోందేమో చూడు."

"నాకేం కనబడట్లేదు. ఆ రికార్డుని అరిగేదాకా అరగదీశారు, అది మీ మీద తిరగబడింది" అన్నారు ఆంటీ.

"కాదు. వెళ్లేముందు దాని మీంచి సూది ఎత్తింది నేనే. ఇంకెవరు ముట్టుకుంటారు?" అని ఆయన నా వైపు తిరిగారు. "నీ చెయ్యి నిలకడగా ఉంటుంది. ఇక నుంచి సూది నువ్వు పెట్టమ్మా."

అలా ప్రతి ఆదివారం పైకి వెళ్లే పని దొరికింది. గాజులు తీసి సొరుగులో పెట్టాను. ఆంటీ అడిగితే చిట్లాయన్నాను. షెల్ఫులో ఉన్న ఆల్బమ్‌లన్నీ విన్నాను. నా జీవితంలో అంత మంచి ఆదివారాలు అంతకుముందు లేవు. అదీ నిజమే.

అక్టోబరులో అంకుల్ కారు తాళాలు ఆంటీకి ఇచ్చేశారు. "ఈ చేత్తో మంచులో డ్రైవ్ చేయడం నా వల్ల కాదు" అన్నారు. అదే చేత్తో నిండు కాఫీ గ్లాసు పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగి నాకు తెచ్చిచ్చేవారు. చుక్క ఒలికేది కాదు. డాక్టరు పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. "వాళ్లకి తెలిసేసరికి ఆలస్యమవుతుంది" అన్నారు అంకుల్.

ఒక్కసారి నోరు తెరిచాను. "అంకుల్, మీ చెయ్యి వణకదు. ఆ గాటు మీ వల్ల పడింది కాదు."

"మంచి పిల్లవి. నన్ను ఓదార్చక్కర్లేదమ్మా" అని నవ్వారు. అప్పటికి సూది పెట్టి ఉన్నాను. పాట మొదలయ్యేలోపు రెండు క్షణాల గరగర ఉంటుంది. మిగతా మాట చెప్పడానికి అది సరిపోయేది. పాట మొదలైపోయింది.

మంచు కరిగాక ఇల్లు అమ్మకానికి పెట్టారు. డ్రైవ్ చేయలేనివాడు రెజైనాలో ఏం చేస్తాడని, కూతురి దగ్గరికే వెళ్లిపోదామని ఆయనే అన్నారు. ఆంటీ కిందటేడు పెరటి గోంగూర నుంచి తీసిన విత్తనాలు కాగితంలో పొట్లం కట్టుకున్నారు.

ట్రక్కు వచ్చిన రోజు రికార్డులు నేనే సర్దాను. పడుకోబెడితే వంగిపోతాయి, నిలబెట్టాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆఖరి పెట్టెకి టేపు వేయబోతుంటే అంకుల్ వచ్చి, చేతివేళ్లతో వరస తడుముతూ ఒకటి బయటికి తీశారు. అది ఏ రికార్డో నాకు చూడకుండానే తెలిసింది. ఆంటీ అప్పటికే కారు స్టార్ట్ చేసి పిలుస్తున్నారు. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చారు.

"ఇది నువ్వుంచుకో. నా చేతిలో పాడైపోయిందమ్మా. నీ చేతిలో భద్రంగా ఉంటుంది."