పెద్దయ్యకు రాని జ్వరం

నరసరావుపేట కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన వసుంధర, 2001లో సింగపూర్‌లో, క్లెమెంటి అనే పేటలోని అద్దె ఫ్లాట్‌కి కాపురానికొచ్చింది. భర్త గోపీకృష్ణ ప్రోగ్రామర్. ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని విసిగిపోయి, దగ్గర్లోని యూనివర్సిటీలో పార్థసారథి అనే ప్రొఫెసర్ దగ్గర చిన్న ఉద్యోగంలో చేరింది. దేన్నయినా కంప్యూటర్లోకి ఎక్కిస్తామంటే నిధులు దొరికే రోజులవి. ఆయన ఎక్కిస్తున్నది ప్లేగు. ఆరున్నర వందల ఏళ్ల కిందట ఆ రోగాన్ని చూసినవాళ్లూ విన్నవాళ్లూ రాసిపెట్టిన వృత్తాంతాలను ఇంగ్లీషు అనువాదాల్లో చదవాలి. ఏ ఊరు, ఏ ఏడు, ఎంతమంది పోయారు, ఎవరివల్ల వచ్చిందన్నారు, రాసినవాడు స్వయంగా చూశాడా లేదా, ఇవన్నీ గళ్లలో నింపాలి.

మొదట్లో రోగం వర్ణనలే ఆమెకి పడేవి కాదు. గజ్జల్లో గుడ్డంత గడ్డలు, ఒంటిమీద నల్లమచ్చలు, నెత్తుటి వాంతులు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవబుద్ధయ్యేది కాదు. రెండు నెలలకి అవి అలవాటయ్యాయి. రాసినవాళ్ల తీరు మాత్రం అలవాటు కాలేదు. మఠం గడప దాటని సన్యాసి ఎక్కడో దూరాన ఉన్న పట్నంలో తొంభై వేలమంది పోయారని రాస్తాడు. ఆ పట్నంలో అంత జనమే ఉండరు. అది చూసి ఇంకొకడు లక్ష చేస్తాడు. యూదులు బావుల్లో విషం కలిపారన్న మాటను ఒకడి దగ్గర్నుంచి ఒకడు ఎత్తి రాసుకున్నారు. ఆ మాట నమ్మి జనం వాళ్లని వాడలకు వాడలు తగలబెట్టారు. ఆ తగలబెట్టడాన్ని కూడా ఆ ఏడు వానలెలా పడ్డాయో చెప్పినట్టు చెప్పినవాళ్లున్నారు. సొంత పిల్లల్ని పూడ్చుకున్నవాళ్లేమో నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నారు.

"చూడనివాడే ఎక్కువ రాశాడు సార్. చదువుతుంటే రోత పుడుతోంది," అందొకరోజు.

"రోతకి మన దగ్గర గడి లేదమ్మా," అన్నాడు పార్థసారథి.

2003 మార్చిలో సింగపూర్‌కి సార్స్ అనే అంటుజ్వరం వచ్చింది. బళ్లు మూశారు. ఆఫీసుల్లో రోజుకి రెండుసార్లు జ్వరం చూసుకుని రాసుకోవడం మొదలైంది. రైల్లో ఎవరైనా దగ్గితే పక్క సీట్లు ఖాళీ.

వసుంధరవాళ్ల బ్లాకులోనే కింది అంతస్తులో తారాదేవి ఆంటీ ఉండేది. ఆదివారాలు ఆవిడ ఆంధ్రా భోజనం వండితే పది పన్నెండుమంది వచ్చి తిని వెళ్లేవాళ్లు. వాళ్లలో పెద్దయ్య ఒకడు. జగిత్యాల దగ్గరి పల్లె, కట్టడం పని, నలభై ఏళ్ల మనిషి. తిన్న పళ్లెం తనే కడిగి బోర్లించి వెళ్లేవాడు.

ఏప్రిల్ మొదటి ఆదివారం వసుంధర మెట్లు దిగుతుంటే, ఆంటీ గుమ్మం బయట, చెప్పుల స్టాండు పక్కన నేలమీద అన్నం పొట్లం కనబడింది. పెద్దయ్య వంగి దాన్ని తీసుకుంటున్నాడు. లోపల్నుంచి ఎవరో గ్రిల్లు తలుపుకి గొళ్లెం పెట్టారు.

"సిమెంటు దుమ్ముకు రెండుసార్లు దగ్గిన్నమ్మా, గంతే," అన్నాడు పెద్దయ్య, ఆమె అడక్కుండానే.

నేలమీది ఆ పొట్లం తలుచుకుని ఆమె గబగబా మెట్లెక్కి ఇంట్లోకెళ్లి సింకులో ఉమ్మేసింది. నోట్లో ఏమీ లేదు.

ఆ గురువారానికి మెయిల్ వచ్చింది. తెలుగు కుటుంబాల గ్రూపులో పెద్దమనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్న జగన్మోహనరావు పంపాడు. క్లెమెంటిలో భోజనానికొచ్చే పెద్దయ్య అనే కూలీకి నూటరెండు జ్వరమనీ, పక్కన తిన్న ముగ్గురు పడకేశారనీ, లేబర్‌వాళ్లని ఇళ్లకి రానివ్వొద్దనీ. శనివారానికి అది పెద్దయ్య సూపర్‌వైజర్ చెవిన పడింది. అతన్ని సైటు చివర ఇనుప కంటైనర్లో ఒంటరిగా ఉంచారు.

వసుంధర జగన్మోహనరావుకి ఫోన్ చేసింది. "అంకుల్, మీరు చూశారా అతన్ని?"

"నేనెందుకు చూస్తానమ్మా. వచ్చిన మెయిల్‌కి మంచి భాష పెట్టి పంపాను. ఆ ముగ్గురి సంగతి ఎవరో ఫోన్లో చెప్పారు."

"మెయిల్ ఎవరు పంపారు?"

"మీ గోపీయే కదమ్మా."

ఆమె తారాదేవి దగ్గరికెళ్లింది. "దగ్గాడని మాత్రమే చెప్పానే మీ ఆయనతో, లిఫ్టులో. జ్వరమని నేననలేదు. ఇక్కడ ఎవరూ పడకెయ్యలేదు," అందావిడ.

గోపీకృష్ణ సోఫాలో ల్యాప్‌టాప్‌తో కూర్చునున్నాడు.

"నూటరెండు అని మీకెవరు చెప్పారు?"

"ఎవరైనా దగ్గాడంటే పట్టించుకుంటారా? అంకె వేస్తేనే జాగ్రత్తపడతారు. మంచికే రాశాను."

"పేరు కూడా మంచికేనా?"

"నువ్వు మరీ పెద్దది చేస్తున్నావ్."

అతని వేళ్లు కీబోర్డు మీద ఆడుతూనే ఉన్నాయి. పెళ్లయిన నాలుగేళ్లలో ఆ చేతుల్ని చూసి ఒళ్లు జలదరించడం అదే మొదటిసారి. తప్పు ఒప్పుకుంటూ మెయిల్ రాయమంది. అతను రాసింది చదివితే, తప్పుడు సమాచారం ఆకాశం నుంచి ఊడిపడినట్టుంది. ఆమె దాన్ని చెరిపేసి తన పేరుతో గ్రూపుకి రాసింది: "పెద్దయ్యకు జ్వరమని ఎవరూ చూసి చెప్పలేదు. ఎవరూ పడకెయ్యలేదు. నూటరెండు అన్న అంకె మా ఆయన సొంతంగా వేసింది. అడిగితే నాతో ఒప్పుకున్నారు." ఇంగ్లీషులో మరో కాపీ తీసి, పార్థసారథిని వెంటబెట్టుకుని సైటుకెళ్లి సూపర్‌వైజర్ చేతికిచ్చింది.

ఇంటి గుట్టు బజారున పెట్టిందని ఆమెను గ్రూపులోంచి తీసేశారు. గోపీకృష్ణ నెలరోజులు మాట్లాడలేదు. పెద్దయ్యను కంటైనర్లో పదిరోజులుంచి, జ్వరం రాకపోయేసరికి పనిలోకి రానిచ్చారు. ఆ పదిరోజుల కూలి ఇవ్వలేదు.

మే నెలాఖరున ఆమె పెద్దయ్యకు ఫోన్ చేసి, ఆ మాట రాసింది తన భర్తేనని చెప్పింది. అవతల కాంక్రీటు మిక్సర్ చప్పుడుకి దూరంగా జరిగి అతను మాట్లాడాడు.

"నాకెర్కనే అమ్మా. సూపర్‌వైజర్ జెప్పిండు."

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. నేను వండుతాను."

"వద్దమ్మా. ఆయన మొకం నేను జూడలేను, నా మొకం ఆయన జూడలేడు. ఎందుకట్ల?"

సరేనంది. ఫోన్ పెట్టాక వసుంధరకి గుండెలమీద బరువు దిగినట్టయింది. అతను రాడు, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చోనక్కర్లేదు. అలా తేలికపడ్డ క్షణానికి తనమీద తనకే అసహ్యమేసింది.