మీ మంచికేనండి

దుబాయ్‌లో ఒక ఆసుపత్రిలో నాది కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే ఉద్యోగం. అక్కడ మా డాక్టరమ్మ ఒక పరిశోధన చేస్తోంది. కడుపు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయినవాళ్ల కణితి ముక్కలో కొన్ని ప్రోటీన్లు ఎంతెంత ఉన్నాయో చూసి, ఎవరికి జబ్బు తిరగబెడుతుందో, ఎవరు ఎక్కువ కాలం బతుకుతారో ముందే చెప్పగలమా అన్నది ఆ పరిశోధన. ఆ ఫలితాలు రోగులకు ఇవ్వరు. వాళ్ల చికిత్సకు వాటితో పని లేదు. మేలంటూ జరిగితే ఇక మీదట వచ్చేవాళ్లకే. ఈ సంగతి రోగికి అర్థమయ్యాకే సంతకం తీసుకోవాలి.

కరోనా రెండో ఏడు అది. అందరికీ మాస్కులుండేవి. జనంలో మాట్లాడటమంటే బెదిరే నాకు ఆ గుడ్డ చాటు హాయిగా ఉండేది. ఒకరోజు అల్ కుసైస్ కూలీల క్యాంపు నుంచి జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన వచ్చాడు. ఆపరేషన్ అయి పది రోజులైంది. మా నాన్న వయసుంటుంది. తోడుగా రూమ్మేటు. ఆయనకు ఇంగ్లీషు రాదు, డాక్టరమ్మది కేరళ. తెలుగులో చెప్పమని నన్ను పిలిచింది.

ఆమె చెప్పింది నాలుగే వాక్యాలు. 'సర్వైవల్' అన్న మాటను నేను రోజంతా టైపు చేస్తూనే ఉంటాను. ఆయన కళ్లలోకి చూస్తూ, మీరు ఎన్నాళ్లు ఉంటారో లెక్క వేస్తారు, అది మీకు చెప్పరు, అని తెలుగులో అనలేకపోయాను. ఇంట్లో అల్మారా నిండా ఉన్న తెలుగు పుస్తకాలన్నీ చదివినదాన్ని.

"మీ కణితి ముక్కను పరీక్షిస్తారండి. పెద్ద పరీక్ష. మీ మంచికేనండి" అన్నాను.

"కాకా, విన్నవా? టీవీల వార్తలు చదివినట్టే ఉన్నది" అన్నాడు రూమ్మేటు.

"నవ్వియ్యకురా, కుట్లు గుంజుతున్నయ్" అంటూ ఆయన పొట్ట పట్టుకున్నాడు. "రిపోర్టు ఎప్పుడొస్తది బిడ్డా?"

"టైం పడుతుందండి."

సంతకం పెట్టాడు. ఆయన్ని నవ్వించావే అని డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆ రోజు డైరీలో, "నా తెలుగు ఒకరికి పనికొచ్చింది" అని రాసుకున్నాను.

సంతకం పెట్టిన కాగితం మీద ఉన్న ఆఫీసు నంబరుకు ఆయన వారానికోసారి ఫోన్ చేసేవాడు. "రిపోర్టు వచ్చిందా బిడ్డా?" ఇంకా రాలేదండి, అనేదాన్ని. అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకునేదాన్ని. ఆ తర్వాత మోగినప్పుడు కొన్నిసార్లు తీయలేదు.

ఐదో వారమో ఆరో వారమో, ఆయన ఉత్సాహంగా చెప్పాడు: "కంపెనీ టికెట్ ఇస్తనన్నది. రెండుసార్లు మార్పించిన. ఆ పెద్ద రిపోర్టు పట్టుకోని పోతె హైదరాబాదుల డాక్టర్లకు చూపియ్యచ్చు గదా. అది చూసే కీమో మొదలువెడ్తరు."

ఆపరేషన్ తర్వాత ఎనిమిది వారాలు దాటకుండా కీమో మొదలుపెట్టాలని ఆయన ఫైలులో సర్జన్ రాసింది నేనే ఎక్కించాను. అయినా ఆ పూట ఏమీ చెప్పలేదు. ఇంకో రెండు రోజులు ఎలా చెప్పాలో డైరీలో రాసుకుంటూ కూర్చున్నాను. రాసినవన్నీ నన్ను కాపాడుకునే వాక్యాలే.

మూడో రోజు మెట్ల దగ్గర నిలబడి నా ఫోన్ నుంచి చేశాను. "రిపోర్టు రాదండి. మీ చేతికి ఎప్పటికీ ఇవ్వరు. నేనే సరిగ్గా చెప్పలేదు. మీరు వెంటనే వెళ్లి కీమో మొదలుపెట్టండి."

 ఫోన్‌లో ఆయన వెనక ఎవరో హిందీలో నీళ్ల గురించి కేకలేస్తున్నారు.

"మరి ఆ ముక్కతోటి ఏం జేస్తరు?"

చెప్పాను. ఈసారి అంతా చెప్పాను, బతకడం గురించి కూడా. వద్దంటే పరిశోధన నుంచి తీసేస్తారని కూడా చెప్పాను.

"ఉండనీ. ఎవలకన్న అక్కరకొస్తది" అన్నాడు. తర్వాత మెల్లగా, "గీ ముచ్చట అప్పుడే చెప్తే అయిపోతుండె గద బిడ్డా. నేను ఇయ్యనంటినా?"

ఆ వారమే వెళ్లిపోయాడు. డాక్టరమ్మకు నేనేమీ చెప్పలేదు.

ఆరు నెలలకోసారి రోగులకు ఫోన్ చేసి, ఎలా ఉన్నారో ఫారంలో నింపడం నా పనే. ఆయన వంతు వచ్చేసరికి మూడు రోజులు వాయిదా వేశాను. ఆయనే ఎత్తాడు. గొంతు సన్నబడింది. కీమో నడుస్తోందన్నాడు. ఎనిమిది వారాల్లో మొదలవాల్సింది పది వారాలు దాటాక మొదలైందట. చికిత్స ఎందుకు ఆలస్యమైందో రాయడానికి ఫారంలో ఒక గడి ఉంది. అడగక తప్పలేదు.

"టికెట్ దొరకలేదని రాస్కో. ఈడ డాక్టర్ కొట్లాడితే గదే చెప్పిన. నీ పేరెందుకు బిడ్డా" అన్నాడు.

అలాగే టైపు చేశాను. నా వెనక నుంచి వెళ్తూ డాక్టరమ్మ తెర వైపు చూసి, "పాపం, ఫ్లైట్లు లేని రోజులు కదా" అంది.

తలూపాను.