పామాయిల్ గెలలూ, సరిహద్దు అవతలి మేడమూ

చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉండే పామాయిల్ ఫ్యాక్టరీలో నాది ప్లానింగ్ ఉద్యోగం. ఏ రైతు ఏ రోజు గెలలు కోయాలో చెప్పడం నా పని. తమకు తోచిన రోజు కోయడం రైతుల పని. ఎవరి పనికీ ఎవరూ అడ్డం వచ్చేవాళ్లం కాదు.

గెల చెట్టు దిగాక ఒకటి రెండు రోజుల్లో ఉడికించి పిండకపోతే నూనె చెడుతుంది. అందుకే షెడ్యూలు. కానీ అమావాస్యనాడు ఎవరూ కోయరు, మర్నాడు అందరూ కోస్తారు. కంప్యూటర్ పక్కన నేను పంచాంగం పెట్టుకున్నది భక్తితో కాదు.

అలాంటి చోటికి హైదరాబాద్ నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన మతం పేరు లీన్. ఏ వస్తువైనా అవసరమైన క్షణానికే రావాలి, ముందే వచ్చి స్టోర్లో పడి ఉండకూడదు అంటాడు. రైతుల మీటింగులోనూ అదే బోధించాడు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ నన్ను పిలిచి అడిగింది.

"లీన్ అంటే ఏంది సారూ?"

"బక్కగ ఉండుడు, పెద్దమ్మా."

ఆమె మేనేజరు పొట్టవైపు చూసి, "అవ్, కనబడుతనే ఉంది" అంది.

తర్వాత ఆయన చూపు స్టోర్లోని ప్రెస్ షాఫ్టు మీద పడింది. గెలల నుంచి నూనె పిండే ప్రెస్సుకు అది గుండెకాయ. విరిగితే వేయడానికని ఒకటి అదనంగా పెట్టుకున్నాం.

"ఇది ఎప్పుడైనా వాడారా?"

"లేద్సార్."

"మరి అవసరమే లేదన్నమాట."

ఆ లెక్కన ఊళ్లో ఫైరింజన్ కూడా అమ్మేయొచ్చు అని నోటిదాకా వచ్చింది. జీతం గుర్తొచ్చి మింగేశాను. షాఫ్టు మా కంపెనీదే అయిన ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది.

వానాకాలంలో, గెలలు ఎక్కువగా దిగే రోజుల్లో, ప్రెస్సులో ఉన్న షాఫ్టు విరిగింది. పంపించిన దాన్ని అక్కడివాళ్లు అప్పటికే బిగించేసుకున్నారు. కొత్తది కోయంబత్తూరు నుంచి రావాలి, వారం పడుతుందన్నారు. గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. మేనేజరు తన గదిలో తెల్లబోర్డు మీద బాణాలు గీస్తూ కూర్చున్నాడు.

పెద్దమ్మ తన ట్రాక్టరు దిగి నా దగ్గరికొచ్చింది. "గీ గెలలు కుళ్లితే ఎవరు తింటరు సారూ? సత్తుపల్లి అవతల ఆంధ్రోళ్ల ఫ్యాక్టరీ నడుస్తుందంట గదా. గాడికి పంపరాదు?"

ఆ ఆలోచన నాకూ ఉంది. కానీ అక్కడ నాలాంటి ప్లానింగ్ ఉద్యోగి ఒకావిడ ఉంది. మా రైతులు వాళ్ల వైపు, వాళ్ల రైతులు మా వైపు జారుకుంటున్నారని మేమిద్దరం ఏళ్లుగా ఫోన్లో పోట్లాడుకుంటున్నాం. మొహం మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. తప్పక ఆవిడకే ఫోన్ చేశాను.

"ఈసారి ఏ రైతుని ఎత్తుకెళ్లానంటారండీ?" అంది.

"మీరు ఎత్తుకపోలే మేడమ్. నేనే పంపిస్తనంటున్న."

సంగతంతా చెప్పాను. "ఇంకోసారి చెప్పండి, సరిగ్గా వినపడలేదు" అంది. వినపడింది, నాకు తెలుసు. అయినా మళ్లీ చెప్పాను.

"మా గెలలు మాకున్నాయండీ. మధ్యమధ్యలో మీ బండ్లకి టైము ఖాళీ చేసిస్తా. చెప్పిన గంటకే బండి రావాలి. ఆలస్యమైతే గేటు తీయను. మా ఫ్యాక్టరీ ఆగినరోజు మా గెలలు మీరూ తీసుకోవాలి."

"తప్పకుంట."

మేనేజరు పైవాళ్ల అనుమతి తెప్పించాడు. ఆ విషయంలో ఆయన జల్దీగానే కదిలాడు, నిజం ఒప్పుకోవాలి. మర్నాటి నుంచి నా ఉద్యోగంలో ఎన్నడూ చూడని వింత చూశాను. మా రైతులు షెడ్యూలు పాటించారు. మొదటి రోజు ఆలస్యంగా వెళ్లిన ఒక డ్రైవరును ఆమె గేటు దగ్గర నిలబెట్టి తిట్టిన తిట్లు ఊరూరా పాకాయి మరి. మా పెద్దమ్మ అయితే చెప్పిన గంటకు ముందే చేరి, బండి నీడన కూర్చుని సద్దన్నం తిన్నదట.

అన్నీ దక్కలేదు. గేటు ముందు తడిసి ముద్దయిన మూడు ట్రాక్టర్ల గెలలు పారబోశాం. ఆ వాసన పీలుస్తుంటే నాకు ఏ జోకూ తట్టలేదు. మేనేజరు కూడా అక్కడే గొడుగు లేకుండా నిలబడి, "నేను తప్పు చేశాను" అన్నాడు. ఆ రైతుల నష్టం కంపెనీయే భరించాలని పైవాళ్లతో వాదించి ఒప్పించాడు.

చలికాలంలో ఆవిడ ఫ్యాక్టరీలో బాయిలర్ ఆగింది. "మీ వంతు" అని ఒక్కమాట అని ఫోన్ పెట్టేసింది. మొదటి బండి వెంట తనే వచ్చింది. ఫోన్లో ఆ గొంతు విని ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాను. నా భుజం దాకా కూడా లేదు. నన్ను ఎగాదిగా చూసి, "మీరు లావుగా ఉంటారనుకున్నానండీ" అంది.

క్యాంటీన్‌కి తీసుకెళ్లాను. మా టీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "రేపట్నించి మా డ్రైవర్లు ఫ్లాస్కు తెచ్చుకుంటార్లెండి" అంది.