ఎండకు కాగిన నీళ్ళు

గురజాలలో మా వీధి పసిబిడ్డలందరికీ రాఘవమ్మ పెద్దమ్మే నీళ్ళు పోస్తుంది. కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టుకుని, పొయ్యి పొగకు కారే కళ్ళను భుజానికి తుడుచుకుంటూ పోసేది. ఇంకా పొగ తగిలితే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. ఆ పని మానేయాలేమోనని ఆమె బెంగపడింది.

అప్పుడు ఆమె భర్త, పొలాల్లో డ్రిప్పు పైపులు బిగించే కోటిలింగం పెదనాన్న, పాత నల్ల పైపును డాబామీద చుట్టలుగా పరిచి, పైన కిటికీ అద్దం కప్పి, కొసకు కుళాయి పెట్టాడు.

"ఎండకు నీళ్ళు కాగుతాయా, నీ చాదస్తం గానీ. చానా అయితే గోరువెచ్చనవుతాయి," అంది పెద్దమ్మ. అందుకే కలపడానికి చన్నీళ్ళు కూడా పెట్టుకోలేదు.

మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తోంది. చందన వదిన బిడ్డను ఎత్తుకుని నేను పక్కన నిలబడ్డాను. కుళాయి తిప్పితే బకెట్లోంచి పల్చని ఆవిరి లేచింది. పెద్దమ్మ మోచేయి ముంచి చటుక్కున తీసింది.

"గోరువెచ్చనేనా?" అన్నాడు పెదనాన్న.

"నీ మొహం. ఏమే, చూస్తా నిలబడ్డావేంది? బిడ్డను నాకిచ్చి చన్నీళ్ళు తేపో."

తెచ్చి కలిపాను. ఆమె కళ్ళు తుడుచుకోకుండా, బిడ్డ ముఖంలోకే చూస్తూ నీళ్ళు పోయడం ఆ రోజే మొదటిసారి చూశాను.