మనోరంజితం కోసం ఒక సీసా

పెట్టెలో కలరా ఉండలు వేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

నాన్నకు పోర్ట్ బ్లెయిర్ సర్కారు బళ్ళో పంతులు ఉద్యోగం వచ్చినప్పుడు, అమ్మ శ్రీకాకుళం నుంచి ఒక మనోరంజితం అంటును డబ్బాలో మట్టి పోసి ఓడలో తెచ్చింది. డెలానీపూర్ క్వార్టరు పెరట్లో అది గుబురుగా ఎదిగింది. ఆకుల్లో ఆకులా ఉండే పువ్వు పసుపు రంగు తిరిగితే ఇల్లంతా వాసనే. కళ్ళు మూసుకుని ఏ పండు తలచుకుంటే ఆ పండు వాసన వస్తుందని మావాళ్ళ నమ్మకం. అమ్మ పువ్వు నా ముక్కు దగ్గర పెట్టి, "ఏటనుకున్నావే? వచ్చిందా?" అనేది. నాకెప్పుడూ మగ్గిన అరటిపండే తగిలేది. అయినా "వచ్చింది, పనసపండు" అని ఠక్కున చెప్పేదాన్ని. అమ్మ మురిసిపోయి, ఆ పువ్వును ట్రంకుపెట్టెలో చీరల మడతల్లో దాచేది.

నాన్న రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేశాం. కొత్తగా దిగినవాళ్ళు పాములొస్తాయని ఆ పొదను మొదలంటా నరికించారు. అంతకుముందే సామాను సర్దుతూ, చీరలకు పురుగు పడుతుందని నేను పెట్టెనిండా కలరా ఉండలు వేశాను. నా తెలివి అలా తెల్లారింది.

ఏడాది తిరక్కుండా అమ్మ మంచం పట్టింది. డాక్టరు పెదవి విరిచాడు. ఒక పొద్దున పెట్టె తెరిపించి, చీర ముఖానికి ఆనించుకుని, దగ్గి, పక్కన పెట్టేసింది.

"నా చీరలకేటైపోనాదే? ఆ వాసన ఒక్కసారి సూసి పోవాలనుందే."

నిజం చెప్పే ధైర్యం లేకపోయింది నాకు.

ఊళ్ళో ఏ పెరట్లోనూ ఆ చెట్టు లేదు. విశాఖ నుంచి వచ్చే చుట్టం ఒకాయన పూలు పొట్లం కట్టి తెచ్చాడు. ఓడ నాలుగు రోజులు నడిచేసరికి అవి నల్లగా కుళ్ళిపోయాయి. జెట్టీ మీద అందరి ముందూ ఏడ్చాను, సిగ్గు కూడా వెయ్యలేదు.

ఇక అత్తరే దిక్కు. అబర్డీన్ బజార్ కొట్లో మణికట్టు నుంచి మోచేతి దాకా రాయించుకున్నాను. తల తిరిగిపోయింది.

"చంపా హై, కేవడా హై. ఔర్ క్యా చాహియే, దీదీ?" అన్నాడు కొట్టతను, సంపెంగ, మొగలి సీసాలు చూపించి.

ఏ పండు తలచుకుంటే ఆ పండు వాసన వచ్చేది కావాలని వచ్చీరాని హిందీలో బతిమాలాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, తర్వాత జాలిపడి, అడుగు అరలోంచి ఒక సీసా తీశాడు. ఏదో మిఠాయి వాసన, ఎక్కడో అడుగున అరటిపండు. దేవుడా, ఇదే అయిపోవాలి అనుకుని కొనేశాను.

ఇంటికొచ్చి అమ్మ ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. "మనోరంజితమేనమ్మా. ఏదైనా పండు తలచుకో."

అమ్మ కళ్ళు మూసుకుంది.

"వచ్చిందే, మామిడిపండు," అంది ఠక్కున.

అంత ఠక్కున ఎలాంటివాళ్ళు చెబుతారో నాకు తెలుసు. అయినా సీసాకు మూత బిగించి, చీరల మధ్య పెడదామని పెట్టె తెరిచాను.

"అందులో పెట్టకే అమ్మా," అంది అమ్మ వెనక నుంచి. "నువ్వేసిన కలరా ఉండలు సాలు."